ఫోన్‌తో పిల్లల స్టాప్ మోషన్: ఆ వణుకు యాప్‌ది కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీకు 8 ఏళ్ళ పాప, 5 ఏళ్ళ బాబు. బొమ్మలు వాటంతటవే నడిచే వీడియో ఎక్కడో చూసి, మనమూ చేద్దామని పట్టుబట్టారు. బొమ్మను కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కో ఫొటో తీసి, అన్నిటినీ వరసగా నడిపించే ఆ పద్ధతే స్టాప్ మోషన్. ఫోన్‌లో యాప్ వేసుకుని, ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని 45 ఫొటోలు తీశారు. తీరా చూస్తే వీడియో 3 సెకన్లలో అయిపోయింది. అదీ చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది, మధ్యమధ్యలో వెలుగు తగ్గుతోంది, పెరుగుతోంది. పిల్లలు ముఖాలు మాడ్చుకుని వెళ్ళిపోయారు. ఇప్పుడు డబ్బు పెట్టి వేరే యాప్ కొనాలా, ట్రైపాడ్ కొనాలా అని అడుగుతున్నారు.

రెండూ వద్దు. ఏ యాప్ వాడినా ఆ వణుకు పోదు. ఫోన్ కదలకుండా బిగించండి. ఫోకస్, వెలుగు లాక్ చేయండి. సెకనుకు 10 ఫొటోల లెక్క పెట్టండి. మొదటి సినిమాను 50 ఫొటోలు దాటనివ్వకండి. ఈ నాలుగూ చేస్తే వచ్చే ఆదివారానికి మీ చేతిలో 5 సెకన్ల సినిమా ఉంటుంది, పిల్లలు దాన్ని కనీసం యాభైసార్లు చూస్తారు.

నేను రాజమండ్రిలో పిల్లలకు డ్రాయింగ్ నేర్పిస్తాను. వేసవి సెలవుల్లో పది పన్నెండు మందితో ఈ స్టాప్ మోషన్ క్లాసు కూడా పెడతాను. కింద రాసినవాటిలో సగం పైగా నేను ముందు తప్పు చేసి, తర్వాత దిద్దుకున్నవే.

ముందు ఫోన్ సంగతి

మొదటి ఏడాది నేను ఫోన్‌ను నీళ్ళ సీసాకు ఆనించి పెట్టాను. ప్రతి ఫొటోకీ ఎవరో ఒక పిల్లవాడు వచ్చి స్క్రీన్ మీద వేలితో నొక్కేవాడు. నొక్కిన ప్రతిసారీ ఫోన్ వెంట్రుకవాసి వెనక్కి జరుగుతుంది. అప్పుడు కంటికి తెలియదు. ఫొటోలన్నీ వరసగా నడిపి చూస్తే మాత్రం టేబుల్, గోడ, బొమ్మ అన్నీ భూకంపం వచ్చినట్టు ఊగిపోతాయి. మీకు జరిగింది కూడా ఇదే అయ్యుంటుంది.

దీనికి నా మందు బియ్యం డబ్బా. ఫోన్ అడ్డంగా పట్టేంత వెడల్పున్న స్టీలు డబ్బా తీసుకుని, నిండా బియ్యం పోసి, ఫోన్‌ను అందులో మూడోవంతు వరకు గుచ్చండి. లెన్స్ బియ్యానికి పైన ఉండాలి. ఛార్జింగ్ పెట్టే చోట బియ్యప్పిండి దూరకుండా కింది భాగానికి పాలిథిన్ కవర్ తొడగండి. కాస్త వంచాలన్నా, పక్కకు తిప్పాలన్నా బియ్యంలో ఎలా పెడితే అలా నిలబడుతుంది. చవకరకం ట్రైపాడ్‌ను పిల్లలు కాలితో తన్నేస్తారు. నాలుగు కిలోల బియ్యం డబ్బాను తన్నితే వాళ్ళ కాలే నొప్పెడుతుంది.

పైనుంచి కిందికి తీయాలంటే, అంటే బొమ్మను నేల మీద పడుకోబెట్టి తీయాలంటే, ఇంట్లో ఉండే ప్లాస్టిక్ స్టూల్ చాలు. చాలా స్టూళ్ళకు కూర్చునే చోట నడుమ ఒక రంధ్రం ఉంటుంది. ఫోన్‌ను స్క్రీన్ పైకి ఉండేలా స్టూల్ మీద పెట్టి, లెన్స్ ఆ రంధ్రం మీదికి వచ్చేలా సర్ది, టేప్ వేసేయండి. స్టూల్ కింద ఒక ఏ4 కాగితం హాయిగా పడుతుంది. స్టూల్ కాళ్ళు ఫ్రేములోకి వస్తే కాస్త జూమ్ చేసుకోండి. ఆ కాగితాన్ని కూడా నేలకు నాలుగు మూలలా టేప్‌తో అంటించేయాలి. చిన్నపిల్లలతో నేను ఎప్పుడూ ఇలాగే మొదలుపెడతాను, ఎందుకంటే పడుకున్న బొమ్మ పడిపోదు.

స్క్రీన్ మీద నొక్కడం మాన్పించండి. వైరున్న ఇయర్‌ఫోన్స్ మీది వాల్యూమ్ బటన్ చాలా ఫోన్లలో కెమెరా బటన్‌గా పనిచేస్తుంది. సెల్ఫీ స్టిక్‌తో వచ్చే చిన్న బ్లూటూత్ బటన్ ఉంటే ఇంకా మంచిది. ఏదీ లేకపోతే, యాప్‌లో ఇన్ని సెకన్లకోసారి తనే ఫొటో తీసుకునేలా పెట్టుకోవచ్చు. అయితే 5 ఏళ్ళవాడికి ఆ తొందర టెన్షన్ పెడుతుంది, వాడి చెయ్యే సగం ఫొటోల్లో పడుతుంది.

ఇంకొక్క మాట. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టకుండా మొదలుపెట్టకండి. ఒకసారి మా క్లాసులో అరవయ్యో ఫొటో దగ్గర ఒక పాప వాళ్ళ అమ్మమ్మ ఫోన్ చేసింది. అది ఆ పాప వాళ్ళమ్మ ఫోనే. ఎవరో ఆపేలోపు పాప బియ్యంలోంచి ఫోన్ పీకి "హలో అమ్మమ్మా, మేం సినిమా తీస్తున్నాం" అని చెప్పడం కూడా అయిపోయింది. మళ్ళీ అదే చోట పెట్టడం ఎవరివల్లా కాలేదు. కథలో అక్కడ "కొంతకాలం తర్వాత" అని అట్ట రాసి పెట్టి గట్టెక్కాం.

వెలుగు ఎందుకు మెరుస్తుందంటే

ఫోన్ కెమెరా తెలివి ఎక్కువైనది. ప్రతి ఫొటోకీ ఎంత వెలుగు కావాలో, రంగు ఎలా ఉండాలో, ఎక్కడ ఫోకస్ పెట్టాలో కొత్తగా లెక్కేసుకుంటుంది. మామూలు ఫొటోకి అది వరమే, మనకు మాత్రం శాపం. నల్ల బొమ్మ కాస్త ముందుకు జరిగితే చాలు, చీకటిగా ఉందనుకుని ఫొటో మొత్తాన్ని తెల్లగా చేసేస్తుంది. అందుకే తెర మీద బొమ్మ ఉన్నచోట వేలు పెట్టి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. ఐఫోన్‌లో అయితే ఏఈ, ఏఎఫ్ లాక్ (అంటే వెలుగు, ఫోకస్ లాక్) అని పడుతుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తాళం గుర్తు వస్తుంది. స్టాప్ మోషన్ యాప్‌లలో దీనికి విడిగా బటన్ ఉంటుంది. హెచ్‌డీఆర్, బ్యూటీ, నైట్ మోడ్ లాంటివన్నీ తీసేయండి.

రెండో దొంగ కిటికీ. కిటికీ పక్కన తీస్తే ఫొటో అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ మీరు గంటసేపు తీస్తారు, సినిమాలో అది 5 సెకన్లు. ఆ గంటలో మబ్బు వచ్చి పోతుంది, ఎండ టేబుల్ మీద జానెడు జరుగుతుంది. 5 సెకన్లలో చూస్తే ఎవరో స్విచ్‌తో ఆడుకుంటున్నట్టు ఉంటుంది. కర్టెన్ వేసేసి రెండు టేబుల్ ల్యాంపులు, కుడిన ఒకటి, ఎడమన ఒకటి పెట్టుకోండి.

అలా పెట్టుకున్నా సన్నగా చారలు, మెరుపులు వస్తుంటే అది బల్బుదే. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు, చవకరకం ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గించి పెంచుతుంటాయి. మన కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. యాప్‌లో షట్టర్ స్పీడ్, అంటే ఒక్కో ఫొటోకు కెమెరా వెలుగు తీసుకునే సమయం, మార్చుకునే వీలుంటే 1/50 లేదా 1/100 సెకను పెట్టండి, చాలావరకు పోతుంది. వీలు లేకపోతే బల్బు మార్చి చూడండి.

మూడో దొంగ ఎవరో కనిపెట్టడానికి నాకు రెండు వేసవులు పట్టింది. ఒక వీడియోలో వరసగా నాలుగైదు ఫ్రేములు, అంటే ఫొటోలు, గులాబీ రంగులో ఉండేవి, మళ్ళీ మామూలైపోయేవి. లాక్ వేశాను, కర్టెన్ వేశాను, అయినా అంతే. చివరికి చూస్తే ఎర్ర టీషర్ట్ వేసుకున్న ఒక పిల్లవాడు, తన వంతు వచ్చినప్పుడల్లా టేబుల్ మీదికి వంగి చూస్తున్నాడు. ల్యాంపు వెలుగు ఆ చొక్కా మీద పడి, ఆ ఎరుపు తెల్లకాగితం మీద పడుతోంది. అప్పటినుంచి ముదురురంగు చొక్కాలు వేసుకురమ్మంటాను, ఫొటో తీసేటప్పుడు అందరూ ఒక అడుగు వెనక్కి. మీరు కూడా బొమ్మ దగ్గర కూర్చునే చోటు మార్చకండి.

ఫ్యాన్ గురించి ఏం చెప్పాలి. ఏప్రిల్‌లో రాజమండ్రిలో ఫ్యాన్ ఆపమంటే పిల్లల తల్లులు నా వైపు చూసే చూపు నాకు తెలుసు. కాగితం బొమ్మలతో చేస్తే మాత్రం ఆపక తప్పదు. పొద్దున్నే ఏడింటికి కూర్చోండి, నలభై నిమిషాల్లో లేవండి.

45 ఫొటోలు 3 సెకన్లకే ఎందుకు అయిపోయాయి

మీ యాప్ సెకనుకు 15 ఫొటోలు నడిపిస్తోంది కాబట్టి. థియేటర్లో సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. బొమ్మల సినిమాలు తీసేవాళ్ళు చాలాసార్లు ఒక్కో భంగిమను రెండు ఫ్రేముల పాటు ఉంచుతారు, అంటే సెకనుకు 12 కదలికలు. పిల్లలకు 10 పెట్టండి. లెక్క వాళ్ళకే నోటికి వస్తుంది: 10 ఫొటోలు ఒక సెకను, 50 ఫొటోలు 5 సెకన్లు. 5 ఏళ్ళ బాబు కదిలించేటప్పుడు 8 అయినా పర్వాలేదు, ఆ గతుకు కూడా ముద్దుగానే ఉంటుంది.

యాప్ అడిగారు కాబట్టి చెబుతున్నాను, నేను వాడేది స్టాప్ మోషన్ స్టూడియో, ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది. ఉచిత వెర్షన్ చాలు. ఏ యాప్ తీసుకున్నా అందులో ఒక్కటి ఉందో లేదో చూసుకోండి: ఇంతకుముందు తీసిన ఫొటో తెర మీద లేత నీడలా కనిపించాలి. దాన్ని ఆనియన్ స్కిన్ అంటారు. బొమ్మ పడిపోతే మళ్ళీ సరిగ్గా అదే చోట నిలబెట్టడానికి ఆ నీడే దిక్కు.

మొదటి సినిమా ఏం తీయాలి

కథ వద్దు. "ఒక ఊళ్ళో ఒక రాజు" అని మొదలుపెడితే రాజును తయారుచేసేసరికే సెలవులు అయిపోతాయి. నేను మొదటిరోజు రెండే రెండు చేయిస్తాను.

ఒకటి ఇడ్లీ. ప్లేట్లో 4 ఇడ్లీలు. పిల్లవాడు చిన్న ముక్క తుంచుకుని తింటాడు, చెయ్యి తీస్తాడు, ఫొటో. మళ్ళీ ముక్క, మళ్ళీ ఫొటో. ఒక్కో ఇడ్లీకి ఎనిమిది ముక్కలు అనుకున్నా 32 ఫొటోలు, చివర ఖాళీ ప్లేటుకు ఇంకో 8. మొత్తం 4 సెకన్లు. ఎవరూ తినకుండానే ఇడ్లీలు కరిగిపోతున్నట్టు ఉంటుంది. మేం మొదటిసారి చేసినప్పుడు ఇడ్లీ తుంచేటప్పుడల్లా ప్లేటు వాడి వైపుకు జరిగింది, ఎందుకంటే ప్లేటు దగ్గరకు లాక్కోవడం పిల్లల చేతికి అలవాటు. ఇప్పుడు ప్లేటు కింద మూడు చోట్ల క్లే ముద్దలు పెట్టి టేబుల్‌కు అంటిస్తాను. ఆ రోజు మూడో ఇడ్లీ దగ్గర హీరో "నాకింక వద్దు" అన్నాడు. కెమెరా వెనక నిలబడి వాళ్ళక్క నాలుగోది పూర్తి చేసింది, సినిమాలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. అయిపోయాక యాప్‌లో వెనక్కి నడిపించి చూపించండి. ఖాళీ ప్లేట్లో ఇడ్లీలు ముక్కముక్కగా మొలుస్తాయి. ఆ క్షణంలో పిల్లల ముఖాలు చూడాలి. స్టాప్ మోషన్ అంటే ఏమిటో నేను నోటితో చెప్పాల్సిన అవసరం అక్కడితో తీరిపోతుంది.

రెండోది చింతపిక్కలు. స్టూల్ కింద కాగితం మీద చింతపిక్కలతో పాప పేరులో మొదటి అక్షరం పేర్చండి. ఇక్కడ ఒక కిటుకుంది. ఒక్కో పిక్క చేరుతూ అక్షరం కావాలంటే, ముందే అక్షరం మొత్తం చక్కగా పేర్చి, ఒక్కొక్కటి తీసేస్తూ ఫొటోలు తీసి, ఆ తర్వాత వెనక్కి తిప్పాలి. ముందునుంచి పేరిస్తే అక్షరం వంకరపోతుంది, మధ్యలో సరిచేయబోతే మిగతా పిక్కలు కదులుతాయి. తీసేయడం 5 ఏళ్ళవాడు కూడా చేస్తాడు.

కదిలించడం

ఎక్కువమంది పిల్లలు బొమ్మను ప్రతి ఫొటోకీ ఒకే దూరం జరుపుతారు. అప్పుడు కారు కాదు, కన్వేయర్ బెల్టు మీద డబ్బా వెళ్తున్నట్టు ఉంటుంది. నిజం కారు నెమ్మదిగా కదిలి, వేగం అందుకుని, మళ్ళీ నెమ్మదించి ఆగుతుంది కదా. అందుకని మొదటి నాలుగు ఫొటోలకు చీమంత, తర్వాత గోరంత, నడుమ రెండు వేళ్ళంత, చివర్లో మళ్ళీ చీమంత. నేను పిల్లలకు ఈ మాటలతోనే చెబుతాను, "చీమంతే, చీమంతే" అని వాళ్ళే ఒకరికొకరు అరుచుకుంటారు. ఫ్రేముకు బయట ఒక కాగితం పట్టీ పెట్టి, దాని మీద ముందే గీతలు గీసుకుంటే ఇంకా తేలిక.

కదలనప్పుడు కూడా ఫొటోలు తీయాలి. ఇది అందరూ మర్చిపోతారు. బొమ్మ వచ్చి ఆగాక అదే భంగిమలో 6 నుంచి 8 ఫొటోలు తీయండి, లేకపోతే చూసేవాళ్ళకు ఏం జరిగిందో అర్థమయ్యేలోపు అయిపోతుంది. కళ్ళు ఆర్పడానికి 2 ఫొటోలు చాలు.

ఏ బొమ్మలు పనికొస్తాయి

పెళ్ళి శుభలేఖలు దాచుకోండి. వాటి అట్ట బొమ్మలు కత్తిరించడానికి సరిగ్గా సరిపోయేంత మందం ఉంటుంది. మన తోలుబొమ్మల్లో చేతులు, మోచేతులు విడివిడి ముక్కలుగా చేసి దారంతో కలుపుతారు, అందుకే ఆ తెర మీద హనుమంతుడు తోక నుంచి తల దాకా కదులుతాడు. అదే పద్ధతిలో అట్టతో చేసి, కీళ్ళ దగ్గర సూదితో దారం గుచ్చి రెండు వైపులా ముడి వేయండి. ముడి కాస్త బిగువుగా ఉండాలి, వదులైతే చెయ్యి వేలాడిపోతుంది. సూది పని మీరే చేయండి.

క్లే కొనేటప్పుడు జాగ్రత్త. తెరిచాక గాలికి ఆరి గట్టిపడే రకం, మెత్తగా స్పాంజిలా ఉండే రకం దీనికి పనికిరావు, మర్నాటికి చెయ్యి వంచితే విరుగుతుంది. నూనె కలిపిన రకం ఆరదు, అదే కావాలి. మన వేసవిలో అది ముద్దలా జారిపోతుంది కాబట్టి పదేసి నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీయాలి. బొమ్మకు పొట్టి కాళ్ళు, పెద్ద పాదాలు పెట్టండి. గోధుమపిండి ముద్దతో చేస్తామని చాలామంది అంటారు, గంటలో పైన పొర కడుతుంది, కూలబడుతుంది. వద్దు.

కొండపల్లి బొమ్మలు ఇంట్లో ఉంటే పిల్లలు ముందు వాటినే తెస్తారు. కెమెరాలో బ్రహ్మాండంగా ఉంటాయి, కాదనను. కానీ తెల్లపొణికి చెక్క తేలిక, ముట్టుకుంటే పడతాయి, పైగా చేతులు కాళ్ళు కదలవు. ఎడ్లబండి లాంటిది అయితే జరపడానికి బాగుంటుంది. పాదాల కింద చిటికెడు క్లే పెట్టడం మరవకండి.

మీరేం చేయాలి

కదిలించే చెయ్యి పాపది, బటన్ నొక్కే చెయ్యి బాబుది. ఇరవై ఫొటోలకోసారి మార్చండి. ప్రతి ఫొటోకి ముందు బాబు "చేతులు వెనక్కి!" అని అరవాలి, అరిచాకే నొక్కాలి. అక్కకు ఆజ్ఞ వేసే అవకాశం తమ్ముళ్ళకు రోజూ దొరకదు, కాబట్టి వాడు ఆ ఉద్యోగం వదులుకోడు.

మీ చెయ్యి మాత్రం బొమ్మ మీద పడకూడదు. ఇది మీకు కష్టంగా ఉంటుంది. వంకరగా ఉంది కదా, ఒక్కసారి సర్దుదాం అనిపిస్తుంది. ఒక తండ్రి అలాగే ఒక్కోటీ సర్దుతూ సర్దుతూ మొత్తం సినిమా తనే తీశాడు. చాలా బాగా వచ్చింది కూడా. వాళ్ళబ్బాయి మాత్రం అప్పటికే పక్కగదిలో టీవీ చూస్తున్నాడు.

నలభై నిమిషాలు దాటితే ఆపేయండి, మిగిలింది రేపు. పిల్లలకు ఓపిక లేదనుకుంటే ఇంకో దారి ఉంది: రోజుకు ఒక్కటే ఫొటో. దాదాసాహెబ్ ఫాల్కే 1912లో, తన మొదటి సినిమాకు డబ్బు పెట్టేవాళ్ళను నమ్మించడానికి కుండీలో బఠానీ గింజ నాటి, రోజుకో ఫ్రేము చొప్పున నెలకు పైగా తీసి, అది మొక్కై పెరగడం తెర మీద చూపించారు. మీరు గిన్నెలో పెసలు పోసి పూటకు రెండు ఫొటోలు తీసినా వారంలో ముచ్చటైన ముక్క వస్తుంది. కాకపోతే ఆ వారమంతా గిన్నె, కెమెరా కదలకూడదు. ఫోన్‌ను వారం పాటు అక్కడే ఉంచలేం కాబట్టి పాత ఫోన్ ఉంటే దాన్ని వాడండి.

శబ్దాలు ఫొటోలన్నీ అయ్యాకే. డబ్బాలో బియ్యం ఊపితే వాన, అప్పడం నలిపితే ఎండుటాకుల మీద అడుగులు, స్టీలు ప్లేటు మీద చెంచా తడితే ఉరుము. సినిమా పాట మాత్రం వెనక పెట్టకండి, యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. అసలు యూట్యూబ్ దాకా వెళ్ళకపోయినా ఏమీ కాదు, తాతయ్య వాట్సాప్‌కు పంపితే పిల్లలకు అదే రిలీజ్. పెట్టాలనుకుంటే పిల్లల ముఖాలు, స్కూలు యూనిఫాం కనిపించకుండా చూసుకోండి.

ఒక సంగతి అడగడం మర్చిపోయాను. మీరు తీసిన టేబుల్ ఊగుతుందా? చేత్తో అంచు మీద నొక్కి చూడండి. ఊగితే పైన చెప్పిన బియ్యం డబ్బా కూడా మిమ్మల్ని కాపాడలేదు, అంతా నేల మీదికి దించేయండి.